యాంటీవీనమ్‌కు పేటెంటు అడ్డు లేదు కదా, మరి మెరుగైన మందు ఎందుకు రాలేదు?

బీఫార్మసీ_చివరేడు:
పేటెంట్ల వల్లే పేదల జబ్బులకు మందులు రావని అంటుంటారు. పాముకాటు మందుకు ఆ అడ్డు లేదు, మన దేశంలోనే కంపెనీలు తయారు చేస్తున్నాయి. అయినా గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దానికి విరుగుడు పుట్టిన రక్తం నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) తీసే 1890ల నాటి పద్ధతే ఇంకా నడుస్తోంది. లాభాపేక్ష ఇక్కడ ఎక్కడ అడ్డం పడుతోందో తెలిసినవాళ్లు చెప్పండి.

టెండర్ల_పరిశీలకుడు:
కొనేది ఎవరో చూడండి. 2000-2019 మధ్య దేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలని అంచనా, అంటే ఏడాదికి 58 వేలు. అందులో 70 శాతం దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే. తెలంగాణతో కలిపి లెక్కేసిన ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. చనిపోయేవాళ్లు ఎక్కువగా పొలం పనులవాళ్లు. వాళ్లు సొంతంగా కొనలేరు కాబట్టి ప్రభుత్వమే పెద్ద గిరాకీ, టెండరు తక్కువ ధర చెప్పినవాడికి.

అసలు చిక్కు టెండరు వయల్ (మందు సీసా) లెక్కన నడవడం. ప్రమాణం ప్రకారం 1 మి.లీ. మందు రక్తపింజర విషం 0.6 మి.గ్రా., నాగుపాముది 0.6, కట్లపాముది 0.45, చిన్న పింజరది 0.45 విరిచేస్తే చాలు. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మి.గ్రా. ఎక్కిస్తుంది. వయల్ 10 మి.లీ. అంటే 6 మి.గ్రా.కు సరిపోతుంది, అందుకే మొదటి డోసు 10 వయళ్లు. రెట్టింపు బలమున్న మందు చేస్తే అయిదు చాలు. అంటే అదే ధరకు సగం వయళ్లే అమ్ముడవుతాయి! పరిశోధన మీద డబ్బు పెట్టి అమ్మకాలు తగ్గించుకునే కంపెనీ ఏదండీ?

విషాల_పరిశోధకురాలు:
పై లెక్క సరైనదే, దానికి భూగోళం కూడా కలపాలి. తయారీకి విషం ఎక్కువగా చెన్నై దగ్గరి ఇరుళర్ల సహకార సంఘం నుంచే వస్తుంది. అదే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది, రాజస్థాన్ పాముకు తమిళనాడు విషంతో చేసిన మందు అంతగా పనిచేయకపోవచ్చు. కేరళలోని హంప్‌నోస్డ్ పిట్ వైపర్ అనే విషపు పాముకైతే మన దగ్గర మందే లేదు. ప్రాంతానికో మందు అంటే వేరే విషం, వేరే గుర్రాలు, వేరే పరీక్షలు, వేరే లైసెన్సు. మార్కెట్ ముక్కలవుతుంది, ఖర్చు మాత్రం ముక్కలవదు.

ఆస్ట్రేలియాలో ఏడాదికి మరణాలు రెండు మూడే. అక్కడ నేల పాముల్లో అయిదు రకాలకు విడివిడిగా మందులున్నాయి, ప్రభుత్వ ఒప్పందం కంపెనీకి భరోసా ఇస్తుంది. ఆఫ్రికా పాముకాటు మందు ఫావ్-ఆఫ్రిక్ తయారీని సనోఫీ కంపెనీ 2014లో ఆపేసింది, చివరి బ్యాచ్ గడువు 2016 జూన్‌తో తీరింది.

వరెస్ప్లాడిబ్ సంగతీ చూడండి. గుండె జబ్బు కోసం తయారై అక్కడ విఫలమైన అణువది. పాము విషంలోని ఒక ఎంజైమును అడ్డుకుంటుందని తర్వాత గుర్తించారు. ఆ పనికి డబ్బిచ్చినవాళ్లలో అమెరికా రక్షణ శాఖ ఉంది! రెండో దశ పరీక్ష భారత్‌లోనూ జరిగింది, కానీ మొత్తం మీద ప్రధాన లక్ష్యం అందలేదు.

బీఫార్మసీ_చివరేడు:
అయితే వయల్‌కు కాకుండా, మందు ఎన్ని మి.గ్రా. విషాన్ని విరిచేస్తుందో ఆ లెక్కన ధర కడితే సరిపోదా?

టెండర్ల_పరిశీలకుడు:
దిశ సరైనదే, కొలతే కష్టం. బలాన్ని ఎలుకల మీద పరీక్షించి తేలుస్తారు, ఫలితాల్లో తేడాలొస్తాయి. కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాల ప్రతి బ్యాచ్‌నూ ప్రాంతీయ విషాలతో పరీక్షించాలి, దానికి రాష్ట్రాల్లో విష నిల్వ కేంద్రాలు కావాలి.

ఈలోగా వయళ్లు వృథా కాకుండా చూడొచ్చు. రక్తపింజర లాంటి పాముల విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు, మందు ఎక్కించాలో లేదో దాన్ని బట్టి తేలుస్తారు. ఈ 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకు పొడి, శుభ్రమైన గాజు గొట్టం, 2 మి.లీ. రక్తం చాలు. ప్లాస్టిక్ గొట్టమో, డిటర్జెంటుతో కడిగిన గాజో వాడితే గడ్డకట్టాల్సిన రక్తం కూడా కట్టదు, అవసరం లేని 10 వయళ్లు ఎక్కించేస్తారు. గాజు గొట్టం అమ్మి బాగుపడేవాడు లేడు కాబట్టి ఆసుపత్రులకు దాని గురించి చెప్పడానికి ఏ మెడికల్ రెప్పూ రాడు.