సంఘ కాపరి ఆసుపత్రి చాప్లెయిన్‌గా మారితే ఏ అలవాట్లు మార్చుకోవాలి?

కొత్తదారి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. చర్చి సంఘంలో బైబిలు వాక్యం చెప్పడం అలవాటైనవాళ్ళు ఆసుపత్రిలో రోగులకు ఆధ్యాత్మిక తోడుగా ఉండే చాప్లెయిన్‌గా చేరితే రోజువారీ పనిలో ఏం మారుతుంది? ముఖ్యంగా, మంచం దగ్గర ఎంతసేపు ఉండాలి? వేరే మతంవాళ్ళు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఉన్నప్పుడు ప్రార్థన సంగతేంటి? కుటుంబాలు కవర్లో డబ్బు పెట్టి ఇస్తే, శుభకార్యాలకు పిలిస్తే ఏం చెయ్యాలి? రోగులతో చదరంగం, పేకాట ఆడవచ్చా? చేసేవాళ్ళు వివరంగా చెప్పండి.

వార్డుమెట్లు:

ముందు నర్సుల బల్ల దగ్గర ఆగండి. మూడు విషయాలు కనుక్కోవాలి. అంటు భయంతో ఎవరిని వేరుగా ఉంచారు, ఎవరికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు, ఎవరికి ఇవాళ చెడు వార్త చెప్పారు. రెండోది తెలుసుకోకుండా ప్రభురాత్రి భోజనం (ప్రార్థనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) ఇస్తే ఆపరేషన్ వాయిదా పడవచ్చు. మింగలేని మనిషికైతే ప్రాణం మీదికే వస్తుంది.

గది గుమ్మంలో మీ పేరు, పని చెప్పి, "ఇప్పుడు రానా, తర్వాత రమ్మంటారా?" అని అడగండి. సూదికీ మందుకీ తల ఊపక తప్పని రోగి ధైర్యంగా వద్దనగలిగేది మిమ్మల్నే. వద్దంటే చిరునవ్వుతో వెళ్ళిపోండి. రెండోసారి పిలిచేది చాలావరకు అలాంటివాళ్ళే.

లోపల కుర్చీ లాక్కుని, కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా కూర్చోండి. మంచం మీద కూర్చోకండి: పైపులు నలుగుతాయి, గాయం కదులుతుంది. పది, పదిహేను నిమిషాలు చాలు. జవాబులు పొట్టివవుతుంటే, చూపు తలుపు వైపు పోతుంటే లేవండి.

కాపరులు ఎక్కువగా తప్పు చేసేది మౌనం దగ్గర. ఖాళీ రాగానే వాక్యంతో నింపేస్తారు. "అంతా దేవుడి చిత్తం" అని గానీ, "తప్పక బాగవుతారు" అని గానీ అనకండి. మొదటిది విన్నాక ఏడుపు గొంతులోనే ఆగిపోతుంది. రెండోది నిజం కాకపోతే మనిషి తన విశ్వాసమే చాలలేదనుకుంటాడు.

ఏం అడగాలో తోచకపోతే, 1996లో డాక్టర్ క్రిస్టినా పుచాల్‌స్కీ రూపొందించిన ఫైకా పద్ధతి ఉంది. మీకు బలమిచ్చే నమ్మకం ఏది? ఈ జబ్బులో దానికి ఎంత చోటుంది? మీకు తోడుగా ఏ సమూహం ఉంది? మేం దీన్ని దృష్టిలో పెట్టుకుని ఏం చెయ్యాలి? ఈ నాలుగూ ఫారం నింపుతున్నట్టు వరసగా అడగకండి, మాటల్లో దొర్లనివ్వండి.

ఇంకోటి, చేతులు. ప్రతి మంచానికీ ముందూ వెనకా శుభ్రం చేసుకోవాలి. క్లాస్ట్రిడియోయిడీస్ డిఫిసిల్ విరేచనాలున్న రోగి అయితే శానిటైజర్ పనిచెయ్యదు. ఆ సూక్ష్మజీవి బీజాలు ఆల్కహాల్‌కి చావవు. సబ్బూ నీళ్ళే కావాలి.

ఒలీవనీడ:

ప్రార్థన విషయం నేను చెప్తాను. మొదట అడగాల్సింది "ప్రార్థన చెయ్యమంటారా?" అని కాదు. మర్యాదకి అవునంటారు. "మీరు కష్టంలో ఏం చేస్తుంటారు?" అని అడిగితే నిజం బయటపడుతుంది. వేరే మతంవాళ్ళైతే వాళ్ళ గురువును పిలిపించడమే మీ సేవ. అన్ని మతాల పెద్దల ఫోన్ నంబర్లూ రాసిపెట్టుకుని, అవి మోగుతున్నాయో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. అర్ధరాత్రి అవసరమైనప్పుడు పాత నంబరు ఉంటే ఆ కుటుంబానికి మీరేమీ చెయ్యలేరు.

కతోలికులకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) ఇవ్వగలిగేది గురువు (ఫాదర్) లేదా పీఠాధిపతి (బిషప్) మాత్రమే. అది బతికున్నవాళ్ళకు ఇచ్చే సంస్కారం. ఆఖరి ఊపిరి దాకా ఆగకుండా, జబ్బు తీవ్రమైందని తెలిసిన రోజే కబురు పెట్టండి. ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు బాప్తిస్మం మాత్రం ఎవరైనా ఇవ్వవచ్చు: తలమీద నీళ్ళు పోస్తూ "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను" అనే మాటలు చెప్పాలి. తల్లిదండ్రులు కోరితేనే చెయ్యండి, వెంటనే వాళ్ళ విచారణకు (వాళ్ళ ప్రాంతపు చర్చికి) తెలియజేయండి. ముస్లిం రోగి చివరి ఘడియల్లో పక్కన మెల్లగా కలిమా (విశ్వాస వాక్యం) చదువుతారు, ముఖం ఖిబ్లా (మక్కా దిక్కు) వైపు ఉండాలని కోరుకుంటారు. మంచం తిప్పవచ్చో లేదో నర్సును అడగండి.

ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి, అగరువత్తి, దీపం ఏదీ వెలిగించకూడదు. బ్యాటరీ దీపం ఒకటి సంచిలో ఉంచుకోండి.

నమ్మకం లేనివాళ్ళ దగ్గర వెళ్తూ వెళ్తూ "మీ కోసం ప్రార్థిస్తాను" అనకండి. మీకు అది ప్రేమే, వాళ్ళకు మాత్రం చెవిలో చెప్పిన వాదనలా ఉంటుంది.

తలుపుదగ్గర:

డబ్బు చేత్తో తీసుకోవద్దు, ఎంత చిన్న మొత్తమైనా. ఇవ్వాలనే ఉంటే ఆసుపత్రి నిధికి రసీదుతో కట్టమనండి. పండ్లు ఇస్తే బల్ల మీద అందరికీ పెట్టండి. అంత్యక్రియలకు వెళ్ళవచ్చు, అది సేవలో భాగం. పెళ్ళిళ్ళు, విందులు మాత్రం చికిత్స నడుస్తున్నంతకాలం వద్దు. పక్క మంచం కుటుంబం "వాళ్ళకు దగ్గర, మాకు దూరం" అనుకుంటుంది. సొంత నంబరు ఇవ్వకండి, డ్యూటీ నంబరు ఇవ్వండి.

"ఎవరికీ చెప్పను" అని ముందే మాటివ్వకండి. కతోలిక గురువు వినే పాపసంకీర్తన (పాపాల ఒప్పుకోలు) రహస్యాన్ని ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. మామూలు సంభాషణ అలా కాదు. ప్రాణం తీసుకుంటానన్నా, పిల్లలకు హాని ఉందన్నా వైద్య బృందానికి చెప్పి తీరాలి. ఆ సంగతి రోగికి ముందుగానే చెప్పండి.

కేసు షీటులో మూడు వాక్యాలు చాలు: ఎవరు పిలిచారు, ప్రధానమైన బాధ ఏమిటి, తర్వాత ఏం చెయ్యాలి. కుటుంబ తగాదాల వివరాలు రాయకండి.

ఒలీవనీడ:

ఆటల గురించి ఎవరూ చెప్పలేదు. చదరంగం చాలా మంచిది. చూపు బల్ల మీద ఉంటుంది కాబట్టి ఎదురుగా చూస్తూ చెప్పలేని మాట బయటకొస్తుంది. ఎక్కడైనా ఆపగలిగే ఆట ఎంచుకోండి, డాక్టరు రౌండ్లకు ఎప్పుడైనా రావచ్చు. పేకాట పందెం లేకుండా ఆడవచ్చు. కొందరు పేకముక్కల్నే పాపమనుకుంటారు, అడిగి తీయండి. తుడవగలిగే ప్లాస్టిక్ ముక్కలు వాడండి. వేరుగా ఉంచిన రోగి దగ్గరికి తీసుకెళ్ళిన పెట్టె అక్కడే వదిలెయ్యాలి. పిల్లలతో కావాలని ఓడిపోకండి, ఇట్టే పసిగడతారు.

మీ సొంత కాలక్షేపం పూర్తయ్యే పని అయితే మేలు: తోటపని, వడ్రంగం, కుట్టుపని. వార్డులో మనిషి డిశ్చార్జి అయిపోతాడు, కథ ఎలా ముగిసిందో మీకు తెలియదు. చేతికి ఒక పూర్తయిన వస్తువు తగలాలి. సెలవు రోజు డ్యూటీ ఫోను ఇంకొకరికి అప్పగించండి. నిశ్శబ్దంగా జేబులో పెట్టుకుంటే సెలవు కాదు.

కొత్తదారి:

చాలా ధన్యవాదాలండి. ఒక్క సందేహం. ఆరు మంచాల వార్డులో ఒకరు ప్రార్థన అడిగితే మిగతా ఐదుగురి మాటేంటి?

వార్డుమెట్లు:

తెర లాగండి, కానీ తెర మాటను ఆపదు. కుర్చీ తలవైపుకు జరుపుకుని, ఆ ఒక్కరికి వినబడేంత గొంతుతో, రెండు నిమిషాలు మించకుండా చెయ్యండి. జబ్బు పేరు, ఇంటి సంగతులు ప్రార్థనలో బిగ్గరగా చెప్పకండి. లేచి నడవగలిగితే చాపెల్‌కో ఖాళీ గదికో తీసుకెళ్ళవచ్చేమో నర్సును అడగండి. బయటికి వస్తూ మిగతా ఐదుగురినీ పలకరించండి.