బాప్తిస్మము అనే మాటను తెలుగు చేయాలా, అలాగే ఉంచాలా?

ప్రశ్న: తిరుపతి సభ్యురాలు

అందరికీ వందనములు. పోయిన ఆదివారం మా అన్నయ్య మనుమరాలికి మా లూథరన్ సంఘంలో బాప్తిస్మం జరిగింది. చిన్ననాటి నుంచి పుష్కరిణిలో మునకలు వేయడం అలవాటైన మా పక్కింటి పెద్దావిడ కూడా పిలిస్తే వచ్చారు. "ఆ మాటకు అర్థమేమిటమ్మా?" అని ఆమె అడిగినప్పుడు, పాపక్షమాపణ గురించి, నూతన జన్మ గురించి చెప్పగలిగాను గాని, అసలు మాటకు అర్థం తెలుగులో చెప్పలేకపోయాను. అరవై ఏళ్లుగా పలుకుతున్న మాట అది. మన బైబిలులో దానిని తెలుగు చేసి ఉండవలసిందని నాకు అనిపిస్తున్నది. మీ అభిప్రాయం చెప్పగలరు.

సమాధానం: చిత్తూరు సభ్యుడు

అమ్మా, మీరు అన్నది న్యాయమే. మా చిత్తూరులో సగం ఇళ్లకు వేలూరు వైపు చుట్టరికాలు ఉంటాయి. మా అమ్మమ్మ చదివిన తమిళ బైబిలులో "జ్ఞానస్నానం" అనే ఉంటుంది. మలయాళంలోనూ "స్నానం" అంటారు. పొరుగు భాషలకు సాధ్యమైనది మనకు అసాధ్యం కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. గ్రీకులో "బాప్తిజో" అంటే ముంచడం, కడగడం. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠరోగం పోవడానికి యొర్దానులో ఏడు మారులు మునిగిన కథలో (రెండవ రాజులు 5:14) పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం వాడినది ఈ క్రియనే, మన తెలుగులో అక్కడ "మునుగగా" అని హాయిగా ఉంది. మార్కు 7:4లో గిన్నెలను, కుండలను "కడుగుట" అన్నచోటా, హెబ్రీయులకు 9:10లో "ప్రక్షాళనములు" అన్నచోటా మూలంలో ఉన్నది ఈ ధాతువు నుంచి వచ్చిన నామవాచకమే. అంటే మన అనువాదకులకు అర్థం తెలుసు. గిన్నెల విషయంలో తెలుగు చేసి, బాప్తిస్మ సంస్కారం దగ్గరికి వచ్చేసరికి గ్రీకు మాటను తెలుగు లిపిలో పెట్టి ఊరుకున్నారు. చదివేవారికి ఇది అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

సమాధానం: తిరుపతి సభ్యుడు

అయ్యా, మీరు చూపిన వచనాలే మీ వాదానికి అడ్డు వస్తున్నాయి. ఒకచోట మునుగుట, ఒకచోట కడుగుట, ఒకచోట ప్రక్షాళనము అయినప్పుడు, సంస్కారానికి వీటిలో దేనిని ఎంచుకుంటారు? "జ్ఞానస్నానం" అంటే మూలంలో లేని "జ్ఞానం" వచ్చి చేరుతుంది. "ముంచుట" అంటే శిశువుల తలపై నీరు పోసే సంఘాలన్నీ వాక్యానికి విరుద్ధంగా నడుస్తున్నట్లే అవుతుంది.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. బాప్టిస్టులు శిశువులకు కాక, విశ్వసించినవారికే, అదీ నీటిలో ముంచి బాప్తిస్మమిస్తారు. 1830లలో కలకత్తాలోని బాప్టిస్టు మిషనరీలు బెంగాలీ కొత్త నిబంధనలో ముంచుట అనే అర్థం వచ్చే మాటను వాడినందుకు బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఆ అనువాదానికి ఖర్చు భరించడానికి ఒప్పుకోలేదు. అమెరికా బైబిలు సొసైటీ కూడా అదే దారి పట్టగా, 1836లో అక్కడి బాప్టిస్టులు విడిపోయి వేరే సొసైటీ పెట్టుకున్నారు. 1840లో ఇంగ్లండులోనూ అలాగే జరిగింది. బర్మాలో బాప్టిస్టు మిషనరీ అదోనిరాం జడ్సన్ చేసిన అనువాదం కూడా ఈ వివాదంలో చిక్కుకున్నది. ఒక్క క్రియాపదం కోసం సముద్రానికి రెండు వైపులా సొసైటీలు చీలాయి.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి చూడండి. మదనపల్లెలో పనిచేసి, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఎన్నో ఏళ్లు అధ్యక్షత వహించిన జేకబ్ చాంబర్లేన్ శిశువులకు బాప్తిస్మమిచ్చే రిఫార్మ్డ్ సంఘానికి చెందినవారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బాప్టిస్టు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది నీటిలో మునిగి బాప్తిస్మం పొందినది ఆయన కాలంలోనే. ఈ ఇద్దరి సంఘాల బిడ్డలూ నేడు ఒకే తెలుగు బైబిలు చదవగలుగుతున్నారంటే, ఆ మాటను తెలుగు చేయకుండా ఉంచడం కూడా అందుకు ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

ఆది సంఘం నాటి "దిదాకే" అనే గ్రంథం కూడా పారే నీటిలో ఇమ్మని, అది దొరకకపోతే వేరే నీటిలో ఇమ్మని, ఏదీ చాలకపోతే తలపై మూడుసార్లు నీరు పోయమని చెబుతుంది. అంత తొలినాళ్లలోనే ఆ మాట ఒక పద్ధతిని దాటి సంస్కారానికి పేరైపోయింది. పేరును అనువదించనవసరం లేదు.

సమాధానం: చిత్తూరు సభ్యుడు

ఐక్యత గొప్పదే, కాదనను. అయితే అర్థాన్ని మరుగుపరచి తెచ్చుకున్న ఐక్యత ఎంతకాలం నిలుస్తుంది? మార్టిన్ లూథర్ 1519లో బాప్తిస్మం గురించి రాసినప్పుడు, చేతితో నీరు పోయడమే చాలాచోట్ల ఆచారమైనా, మాట అర్థాన్ని బట్టి శిశువును నీటిలో పూర్తిగా ముంచడమే తగినదని అన్నాడు. అర్థాన్ని ఒప్పుకున్నంత మాత్రాన ఆయన శిశు బాప్తిస్మాన్ని విడిచిపెట్టలేదు, నీరు పోసినవారి బాప్తిస్మం చెల్లదని అనలేదు. మనమెందుకు భయపడాలి? మాటను అలాగే ఉంచినా, కనీసం పుట కింద "ముంచుట, కడుగుట" అని అచ్చు వేయవచ్చు.

సమాధానం: తిరుపతి సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పక్కింటి ఆవిడకు నయమాను కథ చెప్పి, ఆ మాటకు మునగడం, కడగడం అని అర్థమని వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "మరి పాపను ముంచలేదే, నీళ్లు చల్లి ఊరుకున్నారే?" అన్నారు. పుట కింద అచ్చు వేస్తే ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుందని నాకు అప్పుడు తెలిసింది. అయినా అచ్చు వేయాలనే నేను కోరుతున్నాను. వచ్చే ఆదివారం మా పాస్టరుగారిని ఈ ప్రశ్నే అడుగుతాను, ఆయన చెప్పినది ఇక్కడ రాస్తాను.