ఎనభైల తొలినాళ్ల స్లాషర్ సినిమాలు: కోత పడిన ప్రింట్ కొని దాచుకోవడం దండగ కాదా?

పాత క్యాసెట్:
నా మాట ముందే చెప్పేస్తా, తర్వాత వాదించుకుందాం. 1980 నుంచి 84 దాకా వచ్చిన స్లాషర్లలో, అంటే వరస హత్యల హారర్ బొమ్మల్లో, డబ్బు పెట్టి డిస్క్ కొని దాచుకోదగ్గవి పదో పన్నెండో ఉంటాయి, అవి కూడా కోత లేని వెర్షన్ దొరికితేనే. సెన్సార్ వాళ్లు కోసేసిన ప్రింట్‌కి షెల్ఫ్‌లో చోటు ఇవ్వక్కర్లేదు.

ఎందుకంటే వీటిని కథ కోసం ఎవరూ దాచుకోరు. ఒక క్యాంపో కాలేజీయో ఉంటుంది, ఎప్పుడో జరిగిన ఒక తప్పు ఉంటుంది, ముసుగు వేసుకున్నవాడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ వస్తాడు, చివరికి ఒక్క అమ్మాయి మిగులుతుంది. మనం దాచుకునేది ఆ చేతిపని కోసం. ఫ్రైడే ది థర్టీన్త్ (1980)లో కెవిన్ బేకన్ మంచం మీద పడుకుని ఉండగా గొంతులోంచి బాణం పైకి వచ్చే షాట్ తీసుకోండి. కుర్రాడు నిజానికి మంచం మీద లేడు, మంచం కింద మోకాళ్ల మీద కూర్చుని తల ఒక్కటే కన్నంలోంచి పైకి పెట్టాడు, మనకి కనిపించే మెడా ఛాతీ రబ్బరువి. నెత్తురు ఎక్కించే పంపు గొట్టం సరిగ్గా షాట్ మధ్యలో ఊడిపోతే, కింద ఉన్న అసిస్టెంట్ ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు, అందుకే రక్తం అలా బుస్సుమని పొంగుతుంది. కంప్యూటర్ లేదు, రెండో టేక్‌కి అవకాశం లేదు. టామ్ సావిని అనే మేకప్ మనిషి పని అది. దాన్ని సగంలో కత్తిరిస్తే మిగిలేదేంటి?

కోత ఎందుకు పడిందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అమెరికాలో రేటింగ్ బోర్డు ‘ఎక్స్’ (పెద్దవాళ్లకి మాత్రమే) ఇచ్చిందంటే చాలా పేపర్లు ప్రకటన వేసుకునేవి కావు, చాలా హాళ్లు బొమ్మ ఆడించేవి కావు. అందుకని నిర్మాతలే ‘ఆర్’ (పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు) వచ్చేదాకా కోసుకుంటూ పోయేవాళ్లు. ఫ్రైడే ది థర్టీన్త్ సుమారు 5.5 లక్షల డాలర్లతో తీస్తే అమెరికాలోనే దాదాపు 4 కోట్లు వసూలు చేసింది, దాంతో విమర్శలు గుప్పుమన్నాయి, 1981లో వచ్చిన వాటి మీద కత్తెర ఇంకా గట్టిగా పడింది. మై బ్లడీ వాలెంటైన్ (1981) దెబ్బ తిన్నది అక్కడే. దాదాపు 9 నిమిషాలు పోయాయంటారు. 2009 డీవీడీలో ఓ మూడు నిమిషాలు తిరిగి కలిపారు. ఆ మూడు నిమిషాలు చూశాక పాత ప్రింట్ మళ్లీ పెట్టబుద్ధి కాలేదు నాకు.

సెకండ్ షో:
అన్నా, సావిని గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటా, మిగతాది ఒప్పుకోను. కోత లేకపోతేనే విలువ అంటే, ఈ గాలి మొత్తానికి మూలమైన 1978 హాలోవీన్‌ని ఏం చేస్తావు? అందులో రక్తం ఎంతని? చుక్కలు లెక్కపెట్టొచ్చు. భయం అంతా ఆ వెడల్పాటి ఫ్రేమ్‌లో ఉంది, ఓ మూల చీకట్లో తెల్ల ముసుగు నిలబడి ఉంటుంది, అమ్మాయి ఇటు చూస్తూ ఉంటుంది. పాత టేపుల్లో రెండు పక్కలా ఫ్రేమ్ కోసేసి చతురస్రం చేసి ఇచ్చారు చూడు, నా దృష్టిలో అసలు కోత అది. అది సెన్సార్ కోసింది కాదు, టీవీ కోసం కోసింది.

ఇంకోటి. టెర్రర్ ట్రెయిన్ (1980) గురించి ఎవరూ మాట్లాడరు. కెమెరామన్ జాన్ ఆల్కాట్, బ్యారీ లిండన్ అనే సినిమాకి ఆస్కార్ తీసుకున్న మనిషి. న్యూ ఇయర్ రాత్రి, కదిలే రైల్లో కాలేజీ పిల్లల వేషాల పార్టీ, చంపినవాడు చచ్చినవాడి వేషం తొడుక్కుని మళ్లీ గుంపులో కలిసిపోతాడు. పెట్టెలు ఇరుకు, లైట్లు పెట్టే చోటే లేదు. ఆల్కాట్ రైలు మొత్తానికి వైరింగ్ మళ్లీ చేయించి, వెలుతురు పెంచి తగ్గించే డిమ్మర్లు పెట్టెల బయట బిగించి, లోపల ఉన్న దీపాల వెలుతురుతోనే తీశాడు. మనుషుల మొహాల మీద ఆ పసుపు, ఎరుపు వెలుగు చూడు. రక్తం తక్కువే. అయినా నేను దాచుకున్న వాటిలో ముందు వరసలో ఉంది.

మై బ్లడీ వాలెంటైన్ మీద కూడా మాట్లాడాలి. 2009లో కలిపిన ముక్కలు వచ్చినప్పుడల్లా రంగు మారిపోతుంది, గీతలు కనిపిస్తాయి, ‘ఇదిగో దాచిపెట్టిన ముక్క’ అని బొమ్మే చెప్పేసినట్టు ఉంటుంది. టెన్షన్ అక్కడే తెగిపోతుంది. ఆ సినిమా బలం గనిలో ఉంది. కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రం, సిడ్నీ మైన్స్ అనే ఊళ్లో నిజం బొగ్గు గనిలో తీశారు. షూటింగ్ వాళ్లు వస్తున్నారని ఊరివాళ్లు గనిని శుభ్రం చేసి రంగులు వేసేస్తే, యూనిట్ డబ్బు ఖర్చుపెట్టి మళ్లీ మురికి పట్టించాల్సి వచ్చిందట. సొరంగంలో దీపాలు ఒక్కొక్కటీ పగిలి చీకటి కమ్ముకునే ఆ చివరి అరగంటకి కత్తెర వల్ల పోయిందేమీ లేదు.

కిటికీ పక్క సీటు:
మీ ఇద్దరి వాదనా చదివాను. మేకప్ అంటారొకరు, వెలుతురు అంటారొకరు. తెర మీద ఎవరు చస్తున్నారు, ఎంతసేపు చస్తున్నారు అని ఎవరూ అడగరేంటండి? 1980లోనే అమెరికా సినిమా విమర్శకులు సిస్కెల్, ఈబర్ట్ తమ టీవీ ప్రోగ్రాంలో ఒక ఎపిసోడ్ మొత్తం ఈ సినిమాల్లో ఆడవాళ్ల మీద హింస గురించే పెట్టారు. అందులోనూ హాలోవీన్‌ని మెచ్చుకున్నారు, అంటే వాళ్లకి మొత్తం హారర్ మీద కోపం లేదు. కెమెరా ఎవరి పక్కన నిలబడింది అన్నదే వాళ్ల ప్రశ్న. నాదీ అదే.

పాత క్యాసెట్ గారూ, మీరు ఎలాగూ ది ప్రౌలర్ (1981) పేరు ఎత్తుతారు. స్నానాల గదిలో ఆ అమ్మాయిని గడ్డి ఎత్తే పంగల కర్రతో పొడిచే సీన్‌లో కోత లేని వెర్షన్ మీకు ఇచ్చేదేంటి? ఇంకొన్ని సెకన్ల బాధ. నేను ఆ సినిమా ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేను.

నేను దాచుకున్నది ది స్లంబర్ పార్టీ మసాకర్ (1982). రాసింది రీటా మే బ్రౌన్, తీసింది ఎమీ హోల్డెన్ జోన్స్, ఇద్దరూ ఆడవాళ్లే. జోన్స్ ఈటీ సినిమాకి ఎడిటింగ్ చేసే అవకాశం వదులుకుని మరీ ఇది తీసింది. అందులోనూ రక్తం ఉంది, అమ్మాయిలు బట్టలు మార్చుకునే సీన్లూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ అమ్మాయిలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, పక్కింటి అమ్మాయీ ఆమె చెల్లెలూ ఫ్రిజ్ దగ్గర వాదులాడుకుంటారు, చివర్లో అందరూ కలిసి వాడి మీద పడతారు. చచ్చిపోయేటప్పుడు వాళ్ల గురించి బాధ కలుగుతుంది. నాకు కొలత అది.

పాత క్యాసెట్:
ప్రౌలర్ పేరు ఎత్తబోతున్న మాట నిజమే మేడమ్. సావిని తన మంచి పనుల్లో ఒకటిగా చెప్పుకునే సినిమా అది. ఆయన వియత్నాంలో ఆర్మీ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన మనిషి, చచ్చిన శరీరాలని దగ్గర నుంచి చూసినవాడు. బాయొనెట్ (తుపాకీ మొనకి బిగించే కత్తి) నడినెత్తి మీద దిగినప్పుడు కుర్రాడి కళ్లు తెల్లబడిపోతాయి చూడండి, అది చూసి ఎవరికీ సరదా పుట్టదు, కడుపులో తిప్పుతుంది. చావు అంటే అలాగే ఉంటుంది అని చెప్పిన సినిమాలు తక్కువ. కోసిన ప్రింట్‌లో ఏముంటుంది? కత్తి ఎత్తుతాడు, కేక వినిపిస్తుంది, తర్వాతి సీన్‌లో అందరూ డాన్సు చేస్తుంటారు. చావుకి బరువు లేకుండా పోతుంది. నాకు అదే పెద్ద తప్పు.

కానీ మీరు చెప్పిన స్నానాల గది సీన్ రాత్రి మళ్లీ పెట్టి చూశాను. ముందు ఆమెని కెమెరా చూసే తీరు ఒకటి, పొడిచాక ఎంతసేపు చూపించారన్నది ఇంకొకటి. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. కుర్రాడి చావుని వాళ్లు అలా ముస్తాబు చేసి చూపించలేదు.

ఎడిసన్ నుంచి:
నేను ఉండే న్యూజెర్సీ ఊరి నుంచి బ్లెయిర్స్‌టౌన్ గంట, గంటన్నర డ్రైవ్. ఫ్రైడే ది థర్టీన్త్ మొదట్లో వంటమనిషి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి బ్యాగు తగిలించుకుని నడిచే వీధి అదే. ఆ రాతి కమాను ఇప్పటికీ ఉంది, పక్కనే సినిమా హాలు ఉంది, డైనర్ ఉంది. సినిమాలో చూపించిన క్యాంపు మాత్రం స్కౌట్ పిల్లలది, మామూలు రోజుల్లో లోపలికి రానివ్వరు. పోయిన అక్టోబరులో మా నాన్నగారు వస్తే తీసుకెళ్లాను, ఆయన కమాను కింద నిలబడి ‘ఇంత ప్రశాంతంగా ఉందేంట్రా’ అన్నారు. ఆకులు రాలుతూ, ఒక్క కారు కూడా లేకుండా. సినిమాలో నచ్చేది నాకు ఆ ఊరే. కోత ఉన్నా లేకున్నా ఆ వీధి వీధిలాగే ఉంటుంది, అందుకని నేను మంచి స్కాన్ (ఫిల్మ్ నుంచి డిజిటల్‌గా తీసిన కాపీ) చూసి కొంటా, నిడివి చూసి కాదు.

సెకండ్ షో:
ఇండియాలో కొనేవాళ్లకి ఒక మాట, ఇది వాదన కాదు. బ్లూరే లెక్కలో మనది సి జోన్, అమెరికా ఏ, బ్రిటన్ బి; ఒక జోన్‌కి తాళం వేసిన డిస్కు ఇంకో జోన్ ప్లేయర్‌లో ఆడదు. నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ‘ఎక్కడైనా ఆడుతుంది’ అన్న మాట నమ్మి ది బర్నింగ్ (1981) తెప్పిస్తే, ప్లేయర్ లోపలికి తీసుకుని జోన్ మెసేజ్ చూపించి ఆగిపోయింది. కస్టమ్స్‌తో కలిపి బాగానే వదిలింది. వెనక్కి తీసుకోలేదు. 4కే డిస్కులకి జోన్ తాళం ఉండదు, కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి.

అన్నట్టు ది బర్నింగ్ విషయంలో మాత్రం పాత క్యాసెట్ అన్న వైపే నేను. తెప్ప మీద పిల్లల్ని కత్తెరతో చంపే ఆ ఒక్క సీన్, పట్టపగలు, నీళ్ల మధ్యలో, కొన్ని సెకన్లలో అయిపోతుంది. బ్రిటన్‌లో కోత లేని టేపు పొరపాటున బయటికి వస్తే పోలీసులు షాపుల నుంచి ఎత్తుకెళ్లారు. 1984లో వీడియోలకి కూడా సెన్సార్ తప్పనిసరి చేస్తూ వాళ్లు చట్టం తెచ్చింది ఇలాంటి టేపుల గొడవ వల్లే. ఆ సీన్ వేగం మొత్తం ఎడిటింగ్‌లో ఉంది, అందులోంచి నాలుగు షాట్లు లాగేస్తే ఎవరు ఎక్కడున్నారో కూడా అర్థం కాదు. అక్కడ కోత సినిమానే పాడు చేసింది.

పాత క్యాసెట్:
నువ్వు అక్కడికి వచ్చావు కాబట్టి నేనూ ఒక మెట్టు దిగుతా తమ్ముడూ. తొంభైల్లో మా వీధి వీడియో లైబ్రరీలో అద్దెకి తెచ్చిన మై బ్లడీ వాలెంటైన్ టేపు కాపీ మీద కాపీ, ఎరుపు రంగు ఇటుక రంగులోకి దిగిపోయింది, గని సీన్లలో దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. అయినా ఆ రాత్రి నిద్రపోలేదు. అందులో ఒక్క మేకప్ షాట్ కూడా పూర్తిగా లేదు. అది నేను మర్చిపోయి మాట్లాడాను.

అందుకని మొదట రాసింది ఇలా మార్చుకుంటున్నా. మై బ్లడీ వాలెంటైన్‌కి రెండు వెర్షన్లూ ఉన్న సెట్ కొనండి, మొదటిసారి థియేటర్ వెర్షన్ పెట్టండి. బర్నింగ్, ప్రౌలర్ కోత లేనివే. టెర్రర్ ట్రెయిన్‌కి స్కాన్ బాగుంటే చాలు. స్లంబర్ పార్టీ నేనింకా చూడలేదు మేడమ్, ఈ వారం ఆర్డర్ పెడతా, చూశాక ఇక్కడే రాస్తా.

కిటికీ పక్క సీటు:
ఫ్రిజ్ సీన్ దగ్గర ఆపకుండా చూడండి.