యూరిన్‌లో పారాసిటమాల్: నీలి రంగు తక్కువగా వస్తోంది, ఎవరైనా చెప్పగలరా?

బీఫార్మసీ ప్రాక్టికల్ కోసం ఆర్థో క్రెసాల్ పద్ధతిలో (ఆమ్లంతో పారాసిటమాల్‌ను విడగొట్టి, వచ్చిన పదార్థాన్ని ఆర్థో క్రెసాల్‌తో, గాలిలోని ఆక్సిజన్ సాయంతో నీలి రంగుగా మార్చి కొలిచే పద్ధతి) యూరిన్‌లోని పారాసిటమాల్‌ను కొలుస్తున్నాను. 1 మి.లీ. శాంపిల్‌కు 1 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్లలో 30 నిమిషాలు ఉంచుతున్నాను. చల్లారాక అందులోంచి 0.2 మి.లీ. తీసి, 1 శాతం ఆర్థో క్రెసాల్ 5 మి.లీ., 4 మోలార్ అమోనియా 2 మి.లీ. వేసి 620 నానోమీటర్ల కాంతిని ఆ రంగు ఎంత పీల్చుకుంటుందో (అబ్జార్బెన్స్) రీడింగ్ చూస్తున్నాను.

నీళ్లలో చేసిన స్టాండర్డ్‌లు (తెలిసిన మోతాదులో పారాసిటమాల్ ఉన్న ద్రావణాలు) చక్కగా సరళరేఖలో వస్తున్నాయి. మందు వేసుకోనివారి యూరిన్‌లో మి.లీ.కు 200 మైక్రోగ్రాముల పారాసిటమాల్ కలిపితేనే తేడా. పది నిమిషాలకు అంతే మోతాదున్న నీళ్ల ట్యూబ్ 0.30 చూపిస్తే యూరిన్ ట్యూబ్ 0.19 దగ్గరే ఉంటోంది. పైగా ఆగదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ట్యూబ్‌ను గట్టిగా కుదిపితే పైభాగం, నురగ దగ్గర, ముందు నీలంగా మారుతోంది. అందుకే గాలిలోని ఆక్సిజన్ చాలడం లేదేమో, విటమిన్ సి లాంటిదేదో అడ్డుపడుతోందేమో అని నా అనుమానం.

కొత్త అమోనియా వాడాను, గంటసేపు మరిగించాను, సెంట్రిఫ్యూజ్ కూడా చేశాను. మార్పు లేదు. మందు కలపని యూరిన్‌తో చేసిన బ్లాంక్ (పోలిక కోసం పెట్టే ట్యూబ్) మాత్రం 0.02 దాటడం లేదు.

స్టాండర్డ్‌లను కూడా మందు లేని యూరిన్‌లోనే తయారుచేస్తే సరిపోతుందా, లేక రంగు పూర్తిగా రావడానికి ఆక్సిడైజర్ ఏదైనా కలపాల్సిందేనా?