మెత్తటి అంగిలికి కంప్యూటర్ మోడల్: దాన్ని నమ్మి పిల్లాడికి ఆపరేషన్ చేయించొచ్చా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా):
మా మేనల్లుడికి ఏడేళ్లు. గ్రహణం మొర్రితో పుట్టాడు, ఏడాది నిండాక అంగిలి కుట్టించాం. ఇప్పటికీ వాడు బాబాయ్ అంటే "మామాయ్" అన్నట్టే వినిపిస్తుంది. ఎవరైనా నవ్వితే ఇక ఆ పూటకి మాట్లాడడు. మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. మాట్లాడేటప్పుడు అంగిలి వెనకుండే మెత్తటి భాగం పైకి లేచి ముక్కుదారి మూయాలి. ఏ కండరం ఎంత లాగితే ఆ దారి మూసుకుంటుందో కంప్యూటర్‌లో ముందే చూడొచ్చట. నమ్మొచ్చా?

వంశధార (గుణుపూర్):
నమ్మొచ్చు. 1999లోనే బెర్రీ, మూన్, క్యూన్ ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో అంగిలి మోడల్ చేశారు. అంగిలిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ముక్కముక్కకీ గట్టిదనం ఇచ్చి, పైకెత్తే లెవేటర్ కండరం లాగితే ఏమవుతుందో లెక్కేస్తారు. కంటి అంచనా కన్నా లెక్క నయం కాదా?

రాయగడ మావ:
ఆ గట్టిదనం ఎక్కణ్నుంచి తెస్తారు నాయనా? కుట్టిన చోట మచ్చకట్టిన కండ ఎంత బిర్రుగా ఉందో బతికున్న పిల్లాడి నోట్లో కొలవడం తేలిక కాదు. ఊహించి అంకె వేస్తే జవాబూ ఊహే. ఇప్పుడు ముక్కు వెనక అడినాయిడ్లు (టాన్సిల్స్ లాంటి మెత్తటి గడ్డలు) అడ్డుగా ఉండి దారి మూయడానికి సాయపడతాయి, పెద్దయ్యేకొద్దీ అవి కుంచించుకుపోతాయి. దారి మరీ ఇరుకు చేస్తే రాత్రిళ్లు ఊపిరాడదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత మనదే కదా.

వంశధార:
ఎంత ఇరుకు చేయాలో ముందే చూసుకోడానికే కదండీ మోడల్!

రెండు బాసల టీచర్:
మోడల్‌ని ఏ మాటల మీద పరీక్షించారన్నది అడగండి. 'ఆ' కన్నా 'ఈ', 'ఊ' పలికేటప్పుడు అంగిలి ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. తెలుగులో అరసున్న పలుకు, అంటే అచ్చును ముక్కుతో పలకడం, ఎప్పుడో పోయింది. ఒడియాలో అలా కాదు, గా అంటే ఒళ్లు, గాఁ అంటే ఊరు. బడిలో వాడు ఈ రెండూ విడిగా పలకాలి. ముందు చల్లటి స్టీలు చెంచా ముక్కు కింద పెట్టి చూడండి. "నాన్న" అంటే గాలి ముక్కులోంచి వస్తుంది కాబట్టి ఆవిరి పట్టడం మామూలే. "పాప", "కాకి" అన్నప్పుడు పట్టకూడదు.

మహేంద్రతనయ ఒడ్డు:
చూశాం టీచర్‌గారూ. "పాప"కి సన్నగా పట్టింది, "చీపురు"కి చెంచా సగం తెల్లబడింది. వాడికి ఆటలా ఉంది, ఇంకోటి ఇంకోటి అంటూ పదిసార్లు చేశాడు. వచ్చే వారం డాక్టరు ముక్కులోంచి కెమెరా పంపి చూస్తానన్నారు. మోడల్ సంగతి ఆ తర్వాతే. గా, గాఁ రెండూ అనిపించమంటాను.