ఆత్మీయంగా ఎదగడానికి పెద్దవారి తోడు ఎలా అడగాలి?

ప్రశ్న:
ప్రభువు నామమున అందరికీ వందనములు. నేను బాప్తిస్మము పొంది రెండేళ్లయింది. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, ఇక్కడ ఒక పెద్ద సంఘానికి వెళుతున్నాను. ఆదివారపు ఆరాధన మానడం లేదు, వాక్యం శ్రద్ధగా రాసుకుంటున్నాను. అయినా సోమవారం ఆఫీసులో కోపం వస్తే రెండేళ్ల కిందటి మనిషినే అవుతున్నాను. నన్ను దగ్గరగా చూసి, తప్పును తప్పని చెప్పే పెద్దవారు ఒకరు కావాలి. పాస్టరు గారు చూసుకోవలసిన కుటుంబాలు వందల్లో ఉన్నాయి. ఎవరిని, ఏమని అడగాలి? కలిసినప్పుడు ఏం చేయాలి?

జవాబు 1:
సహోదరా, ప్రసంగం బాగా చేసేవారిని కాదు, ఎవరి ఇంటికి మీరు చొరవగా వెళ్లగలరో వారిని అడగండి. మార్కు సువార్త 3వ అధ్యాయంలో యేసు పన్నెండుమందిని నియమించినప్పుడు, సువార్తకు పంపడం కంటే ముందు చెప్పినది వారు తనతో ఉండాలన్న మాట.

నాకు నేర్పిన పెద్దాయన ఇంటి వరండాలో శనివారం ఉదయం ఆరింటికి కూర్చునేవాళ్లం. మార్కు సువార్త 16 అధ్యాయాలను వారానికొకటి చొప్పున చదివాము. "ఇందులో ఈ వారం నీవు చేయవలసినది ఏది?" అని అడిగేవారు; మరుసటి శనివారం బైబిలు తెరవక ముందే దాని సంగతి అడిగేవారు. ఒకరోజు కాఫీ ఆలస్యమైందని భార్యను విసుక్కున్న ఆయన, అధ్యాయం మధ్యలో ఆగి, లోపలికి వెళ్లి, నాకు వినబడేలా ఆమెను క్షమించమని అడిగి వచ్చారు. క్షమాపణ గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ ఉదయం ఒక ఎత్తు.

జవాబు 2:
సహోదరీలు కూడా ఇది చదువుతుంటారు కనుక చెబుతున్నాను: వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు నేర్పాలని తీతు పత్రిక 2వ అధ్యాయం చెబుతోంది, అపొల్లో అనే బోధకుణ్ణి చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత వివరంగా తెలిపినవారు ప్రిస్కిల్ల, అకుల దంపతులు. మన నేలకూ ఇది కొత్త కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న అపొస్తలుడైన పౌలు మాటను పలికించేవారు. నేర్చుకోవడం పూర్తయ్యాక కాదు, మొదటి రోజే ఆ బాధ్యత. కాబట్టి మీకంటే కొత్తగా వచ్చిన ఒకరిని మీరూ పక్కన కూర్చోబెట్టుకోండి.

జవాబు 3:
ఒక హెచ్చరిక. నేను ఆత్మీయ తండ్రిగా ఎంచుకున్న వ్యక్తి, ఉద్యోగం మారాలన్నా పెళ్లిచూపులకు వెళ్లాలన్నా తన అనుమతి కావాలనేవారు. మూడేళ్లు దాన్నే విధేయత అనుకున్నాను. బెరయ పట్టణపువారు పౌలు చెప్పిన సంగతులను సైతం ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారు. మీరు అలా సరిచూసుకుంటే నొచ్చుకోని వారినే ఎంచుకోండి. తొలి సంఘ నాయకుడైన బర్నబా, సౌలును (పౌలుకే మరో పేరు) వెదకి అంతియొకయకు తీసుకొచ్చి, అతనితో కలిసి ఒక సంవత్సరం బోధించాడు; ఆ తరువాత పౌలు పేరే ముందు వినబడుతున్నా అతనికి అడ్డుపడలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ వందనములు. మా సంఘంలో ఆరాధన ముగిశాక ప్రతి వారం కుర్చీలు సర్ది వెళ్లే రిటైరైన ఉపాధ్యాయులు ఒకరున్నారు. నాలుగు నెలలు మార్కు సువార్త కలిసి చదువుదామని ఈ ఆదివారం వారిని అడుగుతాను. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.