విషయం: అలాస్కా ఓడ, ఒక్కదాన్నే, ఏది ఎక్కాలి?

అనంతపురం అమ్మాయి, సియాటిల్:
అందరికీ నమస్కారం. హెచ్-1బీ మీద వచ్చి నాలుగు నెలలైంది. జులైలో వారం సెలవు దొరికింది. తిమింగలాలు చూడాలి. వీరాపురంలో చింతచెట్ల కింద మెడ నొప్పి పుట్టేదాకా కొంగల్ని చూసిన పిచ్చి, ఇంకా పోలేదు. తోడు ఎవరూ లేరు. పెద్ద ఓడ మేలా, చిన్నది మేలా? తిమింగలాలు దేంట్లోంచి బాగా కనిపిస్తాయి?

కర్నూలు అన్న, ఇప్పుడు కర్నూల్లోనే:
అమ్మా, ఓడ సంగతి తర్వాత. నీకు కెనడా వీసా ఉందా? లేకుంటే నా కథ విను.

సియాటిల్లో ఉన్న రోజుల్లో నేనూ ఒక్కణ్నే బయల్దేరినా. "ఓడ దిగకపోతే వీసా ఎందుకు సార్" అన్నాడు ఏజెంటు. నమ్మినా. గదిలో ఉండేది ఒక్కణ్నే, కట్టింది దాదాపు ఇద్దరి డబ్బు. రేవులో గంటన్నర క్యూ. కౌంటర్లో పిల్ల నా పాస్‌పోర్టు ఒక్కో పేజీ తిప్పింది. చివరిదాకా పోయి మళ్లీ మొదటి నుంచి తిప్పింది. నాకు కడుపులో అప్పుడే మొదలైంది. ఓడ తిరిగొచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో ఒక్క రాత్రిపూట ఆగుతుంది, నేను దిగనే దిగనని చెప్పినా. దిగకపోయినా కెనడాకి వచ్చినట్టే అంది. పైఆఫీసరు వచ్చాడు, అదే మాట. అప్పటికే నా సూట్‌కేసు లోపలికి పోయింది. అది బయటికి రావడానికి రెండు గంటలు. అందులో బొరుగులు, శనక్కాయల పొడి, రైస్ కుక్కరు. కుక్కరుకి వేరే ఎర్ర చీటీ కట్టారు, గదుల్లో వేడి చేసే సామాను పెట్టుకోకూడదంట. ఓడ కూత వేసి పోతుంటే నేను కుక్కరు చంకలో పెట్టుకుని ట్యాక్సీ కోసం నిలబడినా. రీఫండ్ పైసా రాలేదు. ఆ రాత్రి ఆ బొరుగులతోనే ఉగ్గాని చేసుకుని తిన్నా. ఏజెంటు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

ఎందుకు ఆపుతారంటే, అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైనది, సియాటిల్లో ఎక్కించుకుని సియాటిల్లోనే దించాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాల్సిందే. పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే విక్టోరియా.

కడప అన్న, బెల్‌వ్యూ:
మరీ భయపెట్టొద్దు సామీ. నేను రెండుసార్లు పోయినా, కెనడా వీసా అని ఎవడూ అడగలేదు.

కర్నూలు అన్న:
నీకు గ్రీన్‌కార్డు ఉందబ్బా! గ్రీన్‌కార్డు, పాస్‌పోర్టు ఉంటే కెనడా వీసా అక్కర్లేదు. ఆ పాపది హెచ్-1బీ.

నంద్యాల తమ్ముడు, పోర్ట్‌లాండ్:
అక్కా, తిరిగి రావడం గురించి టెన్షన్ వద్దు. అమెరికా వీసా స్టాంపు అయిపోయినా, ఐ-94 (ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితం) చెల్లుతుంటే 30 రోజుల్లోపు కెనడా నుంచి వెనక్కి రానిస్తారు. కెనడాలో ఉండగా కొత్త స్టాంపుకి మాత్రం అప్లై చేయొద్దు, ఆ సౌకర్యం పోతుంది.

కడప అన్న:
ఆమె వచ్చి నాలుగు నెలలు. స్టాంపు మీద సిరా కూడా ఆరలేదు. ఆ గోల ఇప్పుడెందుకు?

నంద్యాల తమ్ముడు:
రేపు ఇంకొకరు చదువుతారు కదన్నా.

ప్రొద్దుటూరు అక్క, సియాటిల్:
పాప అడిగింది తిమింగలాల గురించి. ఒక్కరూ చెప్పలేదు.

చూడు తల్లీ, పెద్ద ఓడ అంటే నీళ్ల మీద లాడ్జి. పది అంతస్తుల పైనుంచి చూస్తే తిమింగలం వీపు మన చెరువులో బర్రె వీపంత కూడా ఉండదు. ఎదురుగా ఊపిరి వదిలినా ఓడ ఆగదు. పెద్ద ఓడలో పోయినవాళ్లు కూడా అలాస్కాలోని జూనో ఊళ్లో దిగి, అక్కడి ఆక్ బే రేవు నుంచి చిన్న పడవ ఎక్కే చూస్తారు. అందుకే నేను ఓడ మానేసి సియాటిల్ నుంచి జూనోకి విమానంలో పోయినా. రెండున్నర గంటలు, దారిలో కెనడా ఆగేది లేదు. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు, విమానమో పడవో.

జులై మంచి కాలం. హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం హవాయిలో పిల్లల్ని పెట్టి, వేసవికి మేత కోసం అలాస్కా వస్తాయి. పడవ 100 గజాల కంటే దగ్గరికి పోకూడదు, రూలు. అయినా మా ముందు ఒకటి లేచి ఊపిరి వదిలినప్పుడు తుంపర మా ముఖాల మీద పడింది. చేపల మార్కెట్ కంపు! జాకెట్ ఉతికినా రెండు రోజులు పోలేదు.

నీకు ఓడే కావాలంటే, నార్వీజియన్ అనే కంపెనీ వాళ్ల కొన్ని ఓడల్లో ఒక్కరికే కట్టిన గదులు ఉన్నాయి, 2010లో ఎపిక్ అనే ఓడతో మొదలుపెట్టారు. మిగతా చోట్ల ఎక్కువగా ధర ఇద్దరి లెక్కే. అమెరికా జెండా చిన్న ఓడలు జూనోలోనే ఎక్కించి అలాస్కాలోనే తిప్పుతాయి, కెనడా గొడవ ఉండదు. కానీ వాటి ధర చూస్తే నీకు జ్వరం వస్తుంది.

కడప అన్న:
అంత ఖర్చెందుకు? బెల్లింగ్‌హామ్ నుంచి అలాస్కా రాష్ట్రం ఫెర్రీ ఉంది. సుమారు 38 గంటల్లో అలాస్కాలోని కెచికన్, కెనడాలో ఎక్కడా ఆగదు. గది తీసుకోకుంటే పైడెక్కు మీద టెంట్ వేసుకోవచ్చు. మేకులు దిగవు కాబట్టి టేపుతో నేలకి అతికిస్తారు.

ప్రొద్దుటూరు అక్క:
కొత్తగా వచ్చిన ఆడపిల్లను డెక్కు మీద పడుకోమంటావా? వాళ్లమ్మ అనంతపురం నుంచి నీకే ఫోన్ చేస్తుంది.

కడప అన్న:
నేను పడుకున్నా. నా పక్క టెంట్ డెబ్బై ఏళ్ల అవ్వది, ఆమే నాకు టేపు ఇచ్చింది. ఇంతకీ, వీరాపురానికి సైబీరియా నుంచి వచ్చే కొంగల్ని చూసినదానికి ఈ చలి ఒక లెక్కా?

అనంతపురం అమ్మాయి:
అన్నా, అవి సైబీరియావి కావు, పెయింటెడ్ స్టార్క్‌లు, మన దేశంవే.

కడప అన్న:
మా స్కూల్లో సార్ చెప్పాడు.

కర్నూలు అన్న:
మీ సారేమైనా వాటి పాస్‌పోర్టు చూశాడా?

అనంతపురం అమ్మాయి:
జూనోకి విమానం టికెట్ తీసుకున్నా. ఒకరోజు ఆక్ బే పడవ. మిగిలిన రోజుల్లో జూనో నుంచి కెచికన్‌కి ఫెర్రీలో వద్దామని ఉంది. అమ్మకు గది తీసుకున్నానని చెప్తా. అన్నా, ఆ టేపు ఏ రకందో ఫోటో పెడతారా?